చాట్స్‌వర్త్ ఇళ్ళ కింది అరటితోటలు: దున్నినవాళ్ళ పేరు ఎక్కడ?

పట్నాన్ని ఆనుకొని ఉన్న ఏ మాలపల్లెకో మాదిగవాడకో పోయి కూర్చుంటే, "ఇప్పుడా మేడలున్న చోట మా తాత అరక దున్నేవాడు" అని చెప్పే ముసలాయన ఒకడైనా దొరుకుతాడు. ఆ మాటకి రుజువేదీ అని అడిగితే మాత్రం కాగితం ఉండదు. పట్టా దొరది. పహాణీలో పేరూ దొరదే. అరక పట్టిన తాత పాలేరు గనక ఏ గడిలోనూ లేడు. వెంచరు పడ్డాక జనం నోట సర్వే నంబరు పోయి ప్లాటు నంబరు వస్తుంది. ఇంకో తరం గడిస్తే అక్కడ పొలం ఉండేదని చెప్పేవాడే ఉండడు.

ఇట్లా కనబడకుండా పోయిన పొలానికి చరిత్ర రాయాలంటే ఎవరి చరిత్ర రాయాలి? సొంతదారుదా, సాగు చేసినవాడిదా? ఈ ప్రశ్న పట్టుకొని కొంచెం దూరం పోదాం. దక్షిణాఫ్రికాలో డర్బన్ నగరం అంచున చాట్స్‌వర్త్ అని ఒక పెద్ద హౌసింగ్ కాలనీ ఉంది. 1964లో మొదలైంది. ఇండియన్ల కోసమని జాతివివక్ష ప్రభుత్వం కట్టించింది. దాని కింద అరటితోటలూ కూరగాయల మళ్ళూ ఉండేవి. అవి సాగు చేసినవాళ్ళు మద్రాసు రేవు నుంచీ కలకత్తా రేవు నుంచీ ఓడలెక్కి పోయిన కూలీలూ, వాళ్ళ సంతానమూ. అందులో మన తెలుగు జిల్లాలవాళ్ళున్నారు. వాళ్ళలో మాల మాదిగలున్నారు. కాబట్టి ఇది పరాయిదేశం కథ అనుకోనక్కర్లేదు.

ఓడ జాబితాలో కులం గడి

1860 నవంబరు 16న ట్రూరో అనే ఓడ మద్రాసు నుంచి డర్బన్ రేవుకి చేరింది. అప్పట్నుంచి 1911 దాకా ఒప్పంద కూలీలుగా నేటాల్‌కి తరలించినవాళ్ళు 1,52,184 మంది. వాళ్ళలో సుమారు మూడింట రెండొంతులు మద్రాసు రేవు నుంచి పోయినవాళ్ళే. గంజాం, విశాఖపట్నం, గోదావరి, కృష్ణా, నెల్లూరు, ఉత్తర ఆర్కాటు జిల్లాల పేర్లు ఆ జాబితాల్లో కనిపిస్తాయి. చెరుకుతోటల తెల్ల యజమానులకి చవక కూలీలు కావాలి. ఇక్కడ కరువుకీ అప్పుకీ వెట్టికీ నలిగిన జనానికి ఊరు దాటే దారి కావాలి. ఈ రెండూ కలిసిన చోటే కూలీ ఓడ బయల్దేరింది.

ఆ ఓడ జాబితాలు చరిత్రకారులకి గొప్ప ఆధారం. ప్రతి మనిషికీ ఒక నంబరు. పేరు, తండ్రి పేరు, వయసు, కులం, జిల్లా, తాలూకా, ఊరు, ఒంటిమీద పుట్టుమచ్చలు. సురేంద్ర భానా ఈ జాబితాల మీదనే పరిశోధన చేసి 1991లో పుస్తకం వేశాడు. మాల, మాదిగ, పరయ అన్న మాటలు ఆ కులం గడిలో ఉన్నాయి. ఊళ్ళో ఏ భూమి దస్తావేజులోనూ చోటు దొరకని మనిషికి ఇక్కడ తండ్రి పేరుతో సహా ఒక వరస దొరికింది. మనిషిగా గౌరవించి రాసింది కాదది. పారిపోతే పట్టుకోవడానికి రాసుకున్న గుర్తు. అయినా మనకి మిగిలింది అదే.

ప్రవాసాంధ్రుల గురించి రాసేవాళ్ళు సాధారణంగా సభలూ, భజనలూ, భాషాసేవా చెప్తారు. 1931లో దక్షిణాఫ్రికాలో ఆంధ్ర మహాసభ ఏర్పడింది, అదీ చెప్పుకోవాల్సిందే. కాని ఓడ జాబితాలో కులం గడి దగ్గరికి వచ్చేసరికి పేజీ తిప్పేస్తారు. సముద్రం దాటాక కులం పోయిందని ఒక మాట అనేసి ఊరుకుంటారు. కూలి బారకాసుల్లో అందరూ ఒక్కచోటే వండుకుతినాల్సి వచ్చినప్పుడు అంటు చాలామటుకు సడలిందన్నది నిజం. పెళ్ళిళ్ళ దగ్గర మాత్రం అది అంత తొందరగా పోలేదు. తెలుగువాళ్ళ ఇంటిపేరుగా 'నాయుడు' స్థిరపడిపోయింది. ఆ పేరు వెనకాల ఎన్ని కులాలవాళ్ళున్నారో ఓడ జాబితా పక్కన పెట్టుకొని చూస్తే తప్ప తెలీదు.

కౌలు కొండవాలు

ఒప్పందం అయిదేళ్ళు. అది తీరాక మళ్ళీ ఒప్పందానికి దిగొచ్చు, లేదా విడిగా బతకొచ్చు. పదేళ్ళయితే తిరుగు ప్రయాణం ఖర్చు సర్కారుది. ఆ ఖర్చుకి బదులు భూమి ఇస్తామని 1870లో చట్టం చేశారు. ఆ భూమి దక్కింది బహుకొద్దిమందికి. 1891లో ఆ వెసులుబాటూ ఎత్తేశారు. 1895లో ఇంకో చట్టం తెచ్చారు. ఒప్పందానికి మళ్ళీ దిగకుండా, దేశానికి తిరిగిపోకుండా ఉండేవాడు ఏడాదికి మూడు పౌన్లు పన్ను కట్టాలని. 1913 సమ్మెలో వేలాదిమంది కూలీలు పనులు ఆపింది ఈ పన్ను మీదనే. 1914లో అది రద్దయింది.

ఇంత ఒత్తిడి పెట్టినా వాళ్ళు నేల వదల్లేదు. డర్బన్ చుట్టూ తెల్లవాళ్ళు సాగు చెయ్యకుండా వదిలేసిన కొండవాళ్ళూ వాగు ఒడ్డులూ కౌలుకి తీసుకున్నారు. పొదలు కొట్టారు, కూరగాయలు వేశారు, అరటి పిలకలు నాటారు. ఆడవాళ్ళూ పిల్లలూ ముసలివాళ్ళూ అందరూ పనిలోనే. తెల్లారకముందే గంపలు నెత్తిన పెట్టుకొని డర్బన్ అంగడికి చేరేవాళ్ళు. నగరానికి కూరగాయలు దొరుకుతున్నది ఇండియన్ల చలవేనని 1885-87 నాటి ర్యాగ్ కమిషన్ కూడా ఒప్పుకోవాల్సి వచ్చింది. కొంతమంది పైసా పైసా కూడబెట్టి తుండు భూమి కొనుక్కున్నారు. మిగిలినవాళ్ళు కౌలుదార్లుగానే ఉండిపోయారు. ఎప్పుడు లెమ్మంటారో తెలియని నేల గనక ఎక్కువమందివి చెక్కా రేకు ఇళ్ళే.

మాల మాదిగల వైపునుంచి చూస్తే ఈ కౌలుకి ఉన్న విలువ అర్థమవుతుంది. ఆ రోజుల్లోనే ఇక్కడ పరిస్థితి ఏమిటి? చెంగల్పట్టు కలెక్టరు ట్రెమెన్‌హీర్ 1891లో పరయల స్థితి మీద ఒక నోటు రాశాడు. బంజరు భూమికి అర్జీ పెట్టుకున్నా మిరాసీదార్లు అడ్డుపడటం, ఇంటి జాగా కూడా దొర చేతిలో ఉండటం అందులో ఉంది. దాని ఫలితంగా మద్రాసు ప్రభుత్వం 1892లో ఉత్తర్వులిచ్చింది, పంచమ భూములన్న మాట అక్కణ్ణించే మొదలైంది. అట్లాంటి ఊళ్ళనుంచి పోయిన మనిషికి, తాను వేసిన అరటిగెల తానే కోసుకొని అంగట్లో తానే బేరమాడటం చిన్న సంగతి కాదు. పట్టా లేకపోయినా ఆ పంట తనదే.

ఇక్కడ ఇంకో నిజం కూడా చెప్పుకోకపోతే మన లెక్క దొంగలెక్క అవుతుంది. ఆ నేల మొదట తెల్లవాళ్ళదీ కాదు, మనవాళ్ళదీ కాదు. 1843లో నేటాల్‌ని బ్రిటిషువాళ్ళు కలుపుకొన్నారు. ఆఫ్రికన్ల నేలని పెద్దపెద్ద ఫారాలుగా కోసి తెల్లవాళ్ళకి పంచారు. ఆఫ్రికన్ల నేల మీద తెల్లవాడి పట్టా, ఆ పట్టా కింద ఇండియన్ కౌలు. ఈ అంతస్తుల్లో పుట్టిన కక్షలు 1949 జనవరిలో డర్బన్‌లో అల్లర్లుగా పేలి 142 మంది చనిపోయారు.

ఇండియన్లని లేపి ఇండియన్లకి ఇళ్ళు

ఇండియన్ల చేతికి భూమి పోకుండా 1943లో ఒక చట్టం, 1946లో ఇంకో చట్టం వచ్చాయి. 1946 నుంచి 1948 దాకా సత్యాగ్రహం చేసి జైళ్ళకి పోయారు. 1948లో నేషనల్ పార్టీ గెలిచింది. 1950లో గ్రూప్ ఏరియాస్ చట్టం వచ్చింది. ఏ జాతి ఎక్కడ ఉండాలో నక్షా మీద గీత గీసి చెప్పే చట్టం అది. మనకి కొత్తేం కాదు. ఊరికి దక్షిణాన పల్లె, పడమర వాడ అని చట్టం లేకుండానే గీసిన గీతలు మనకున్నాయి. అక్కడ ఆ గీతని గెజెట్లో అచ్చు వేశారు, అంతే తేడా.

1958 జూన్‌లో డర్బన్ గీతలు ప్రకటించారు. కేటో మేనర్, మేవిల్, రివర్‌సైడ్ వంటి చోట్ల తరాలుగా ఉన్న ఇండియన్లని లేపాలి. లేపినవాళ్ళని ఎక్కడ పెట్టాలి? ఇండియన్ రైతుల అరటితోటలున్న చాట్స్‌వర్త్‌లో. అంటే ఇండియన్లని లేపి, ఆ నేలలో ఇండియన్లకి ఇళ్ళు కట్టారు. ఒకే చట్టంతో ఒకడికి పొలం పోయింది, ఇంకొకడికి ఇల్లు పోయింది. అటు ఆఫ్రికన్ల ఉమ్లాజీ, ఇటు తెల్లవాళ్ళ పేటలు, మధ్యలో అడ్డుగోడ లాగా చాట్స్‌వర్త్. తోటలు నరికి, కొండవాళ్ళు చెక్కి, ఒక్కటే అచ్చులో చిన్నచిన్న ఇళ్ళు వరసలుగా పోశారు. పేటలకి పేర్లు కూడా పెట్టలేదు మొదట. ఒకటో యూనిట్, రెండో యూనిట్ అని నంబర్లే. ఓడ దిగిన తాతకి నంబరు, మనవడి ఇంటికీ నంబరే.

అక్కడికి తెచ్చి పెట్టినవాళ్ళలో మ్యాగజైన్ బారకాసుల జనం ఉన్నారు. డర్బన్ మునిసిపాలిటీలో వీధులు ఊడ్చి, చెత్త ఎత్తి, పాకీ పని చేసిన కార్మికుల బారకాసులవి. వాళ్ళలో ఎక్కువమంది తమిళులూ తెలుగువాళ్ళూ. పట్నం నడిబొడ్డున పనికి దగ్గరగా ఉన్నవాళ్ళని 1960లలో చాట్స్‌వర్త్‌కి తరలించారు. పనికి పోవాలంటే బస్సు ఛార్జీ. ఇంటికి అద్దె. పెరట్లో నాలుగు మొక్కలు వేసుకుందామంటే జాగా లేదు. తోటపనిలో పెరిగిన ఆడవాళ్ళు బట్టల ఫ్యాక్టరీల దారి పట్టారు. రైతు కుటుంబం ఒక తరంలో కూలి కుటుంబం అయింది.

పేరు సంగతి కూడా చూడండి. చాట్స్‌వర్త్ అన్నది ఇంగ్లండులో డెవన్‌షైర్ ప్రభువుల భవంతికి ఉన్న పేరు. ఆ వంశం ఇంటిపేరు కావెండిష్. 1830లలో ఆ భవంతి గాజుగదిలో తోటమాలి జోసెఫ్ పాక్స్‌టన్ ఒక అరటిచెట్టు పెంచితే, ఆ రకానికి కావెండిష్ అని దొర పేరే పెట్టారు. నేడు ప్రపంచమంతా తినే అరటిపండు ఆ పేరుతోనే చెలామణీలో ఉంది. ఇక్కడి చాట్స్‌వర్త్‌లో ఎండలో వానలో గెలలు మోసినవాళ్ళ పేరు ఏ అరటికీ లేదు.

రుజువు ఎట్లా కూడుతుంది

ఇట్లాంటి పొలం చరిత్ర వెతికేవాడు మొదట పట్టా కాగితం దగ్గరికే పోతాడు. అందులో సొంతదారు మాత్రమే దొరుకుతాడు. భూమి స్వాధీనం చేసుకునే నోటీసు కూడా అతని పేరు మీదే వస్తుంది. అక్కడితో ఆగితే కౌలుదారు చరిత్రలోకే రాడు. అందుకని ఓడ జాబితాలు, కౌలు రసీదులు, మునిసిపాలిటీ కూలీల రిజిస్టర్లు, తోటల్లో కట్టుకున్న రేకుల గుళ్ళు, పాత ఫొటోలు, అన్నిటికీ మించి ముసలివాళ్ళ నోటిమాట ఒకదాని పక్కన ఒకటి పెట్టి చూడాలి. డర్బన్‌లోని గాంధీ-లుతులీ డాక్యుమెంటేషన్ సెంటర్ ఇట్లాంటివి దాచింది. అశ్విన్ దేశాయ్, గులామ్ వాహెద్ కలిసి 2013లో చాట్స్‌వర్త్ మీద పుస్తకమే తెచ్చారు.

జాతివివక్ష పోయాక 1994లో దక్షిణాఫ్రికా ప్రభుత్వం భూహక్కుల పునరుద్ధరణ చట్టం చేసింది. 1913 జూన్ 19 తరవాత జాతి చట్టాల వల్ల భూమి పోయినవాళ్ళు అడిగే వీలు అప్పట్లో కల్పించింది. మనం పట్టుకోవాల్సిన సంగతి ఏమిటంటే, ఆ చట్టం హక్కు అంటే పట్టా ఒక్కటే అనలేదు. రిజిస్టరు కాని హక్కు, కూలికి బదులు నేల చేసుకున్నవాడి హక్కు, పాలికి చేసినవాడి హక్కు, కనీసం పదేళ్ళు ఎడతెగకుండా అనుభవించినవాడి హక్కు, ఇవన్నీ భూమి మీద హక్కులే అన్నది. ఇది చిన్న మాట కాదు. చెమటకి చట్టంలో చోటిచ్చిన మాట.

అంతా బాగుపడిందని కాదు. పట్నాల్లో చాలామందికి దక్కింది నేల కాదు, డబ్బు. 1990ల చివర్లో చాట్స్‌వర్త్ పేదల్నే అద్దె బకాయిలని ఇళ్ళనుంచి గెంటబోతే ఆడవాళ్ళు గుమ్మాలకి అడ్డం నిలబడి కొట్లాడారు. చట్టంలో చోటు దొరికాక కూడా కొట్లాట తప్పలేదు.

మన దగ్గరికి వద్దాం. 2013 భూసేకరణ చట్టం మొదటిసారి ఒక మెట్టు ఎక్కింది. సొంత భూమి లేకపోయినా, సేకరణకి ముందు మూడేళ్ళుగా ఆ నేల మీద బతికిన కూలీలనీ కౌలుదార్లనీ బాధిత కుటుంబాలుగా గుర్తించింది. కాని మూడేళ్ళు పని చేశావని రుజువేదీ అని అడిగితే పాలేరు ఏ కాగితం చూపిస్తాడు? వెంచరు వేసేవాడు పట్టాదారు దగ్గర నేరుగా కొనుక్కుంటే మామూలుగా ఆ చట్టం పల్లె గడపే తొక్కదు. దొర పొలం అమ్ముకుంటాడు, కోట్లు పట్నం పోతాయి, మూడు తరాలు అందులో కలుపు తీసిన కుటుంబానికి తెల్లారితే పనే ఉండదు.

కాబట్టి విద్యార్థులకీ టీచర్లకీ ఇక్కడొక పని ఉంది. వెంచరు రాళ్ళు పడకముందే గ్రామ నక్షా తీసుకొని పల్లెకి పోవాలి. ఒక్కో సర్వే నంబరు దగ్గర ఆగి అడగాలి. పట్టా ఎవరిది? అరక ఎవరిది? నీళ్ళు కట్టిందెవరు? నాట్లేసిందీ కోసిందీ ఎవరు? ఎన్నేళ్ళు? కూలి ఎంత, గింజలెన్ని? చెప్పినవాళ్ళ పేరు, తల్లి పేరు, తండ్రి పేరు రాసుకోవాలి. తేదీ వేసి నలుగురితో సంతకం పెట్టించాలి. కోర్టు ఒప్పుకుంటుందా లేదా అన్నది తరవాతి సంగతి. కూలీ ఓడ గుమాస్తా తన అవసరం కోసం మన తాతల పేర్లు రాసుకున్నాడు. మన అవసరం కోసం మనం రాసుకోవద్దా?