తేలిక కారు: కోయంబత్తూరు షెడ్ల నుంచి షోళవరం రన్‌వే మీదికి

1952లో కోయంబత్తూరులో ఇద్దరు కూర్చునే పెట్రోలు కారు ఒకటి తయారైంది. దాని ధర రెండు వేల రూపాయలు. తయారు చేసినది జి.డి. నాయుడు. 1893లో తెలుగు కుటుంబంలో పుట్టి, బడి చదువు మధ్యలోనే వదిలేసిన మనిషి ఆయన. కారు సిద్ధమైంది గానీ దాన్ని పెద్దయెత్తున తయారు చేయడానికి ప్రభుత్వం లైసెన్సు ఇవ్వలేదు. పరిశ్రమల నియంత్రణ చట్టం అప్పటికి ఏడాది కిందటే వచ్చింది. ఏ వస్తువు, ఎవరు, ఎంత తయారు చేయాలో ఢిల్లీలో తేలే కాలమది. సామాన్యుడికి అందే ధరలో రెండు సీట్ల చిన్న కారు దేశానికి ఆ రోజే దక్కి ఉండవలసింది, దక్కలేదు. ఆ నష్టాన్ని లెక్కగట్టినవాళ్లు కూడా లేరు.

విజయనగర, నాయక రాజుల కాలంలో తెలుగు నేల నుంచి తమిళ దేశానికి వెళ్లి స్థిరపడిన కుటుంబాలు కోయంబత్తూరు చుట్టూ చాలా ఉన్నాయి. నల్లరేగడిలో పత్తి పండించారు, తర్వాత మిల్లులు పెట్టారు. మిల్లులు వచ్చాక వాటి మరమ్మతుకు లేతులు, ఫౌండ్రీలు వచ్చాయి. జి.డి. నాయుడు ఆ వాతావరణంలో పెరిగారు. కుర్రతనంలో ఒక ఇంగ్లీషు అధికారి మోటారు సైకిలు చూసి మనసు పడి, హోటల్లో సర్వరుగా పనిచేసి డబ్బు కూడబెట్టి, దాన్నే కొన్నారని అక్కడ ఇప్పటికీ చెప్పుకుంటారు. కొన్న వెంటనే ఊరంతా తిరగలేదట, ముక్కముక్కగా విప్పి మళ్లీ బిగించారట. 1920లో ఒక్క బస్సు కొని పొల్లాచ్చి, పళని మధ్య నడిపారు. అదే తర్వాత యూనివర్సల్ మోటార్ సర్వీస్ అనే పెద్ద బస్సు సంస్థ అయింది. 1937లో డి. బాలసుందరం నాయుడు చేతుల మీదుగా దేశంలో మొదటి విద్యుత్ మోటారు తయారైంది కూడా జి.డి. నాయుడి కర్మాగారంలోనే. విప్పి చూడటం, ఉన్న సరుకుతో కొత్తది కట్టడం అన్న పద్ధతి అక్కడి షెడ్లకు అలా అలవాటైంది.

ఇంగ్లండులో తేలికపాటి స్పోర్ట్స్ కారు పుట్టింది కూడా ఇదే పద్ధతిలో. హెర్బర్ట్ ఆస్టిన్ 1922లో తెచ్చిన ఆస్టిన్ సెవెన్ సగటు సంసారి కోసం చేసిన బుల్లి కారు. 747 సీసీ ఇంజన్, నాలుగు వందల కిలోలు కూడా లేని బరువు. పాతబడి చవకైన ఆ కార్లను కుర్రాళ్లు కొని, పైతొడుగు పీకేసి, పందేలకు తిప్పారు. 1948లో కాలిన్ చాప్‌మన్ అలా ఒక పాత ఆస్టిన్ సెవెన్ మీద కట్టిన కారే మొదటి లోటస్. 1957లో వచ్చిన లోటస్ సెవెన్ అయిదు వందల కిలోల లోపు బండి: ఉక్కు గొట్టాల చట్రం, పైన అల్యూమినియం రేకు, రెండు సీట్లు, తలుపులు లేవు. విడిభాగాలుగా కొని ఇంట్లో బిగించుకుంటే కొనుగోలు పన్ను ఉండేది కాదు. బిగించే విధానం రాసి ఇవ్వడం మాత్రం నిబంధనలకు విరుద్ధం. అందుకని కంపెనీ విప్పే విధానాన్ని రాసి ఇచ్చిందనీ, కొన్నవాళ్లు దాన్ని చివరి నుంచి మొదటికి చదువుకున్నారనీ ఒక కథ ప్రచారంలో ఉంది. 1973 నుంచి అదే నమూనాను కేటర్‌హామ్ సంస్థ తయారు చేస్తోంది.

మద్రాసుకూ ఇందులో చిన్న చుట్టరికం ఉంది. అక్కడ 1961 నుంచి తయారైన స్టాండర్డ్ హెరాల్డ్ ఆంధ్ర పట్టణాల్లో డాక్టర్లు, ప్లీడర్లు ఇష్టపడిన కారు. ఇంగ్లండులో దాని చాసిస్‌నే పొట్టి చేసి 1962లో ట్రయంఫ్ స్పిట్‌ఫైర్ అనే స్పోర్ట్స్ కారు చేశారు. హెరాల్డ్ బానెట్ మొత్తం ముందుకు వాలుతుంది, మెకానిక్ ముందు టైరు మీద కూర్చుని ఇంజన్ పని చేసుకోవచ్చు. నెల్లూరులోనో విజయవాడలోనో హెరాల్డ్ నడిపినవారి కింద ఉన్నది, ఆ రకంగా, ఒక స్పోర్ట్స్ కారు ఎముకల గూడే.

బరువు మీద ఇంత పట్టుదల ఎందుకో చిన్న లెక్కతో తెలుస్తుంది. 650 కిలోల బండిలో 37 హార్స్‌పవర్ ఇంజన్ ఉంటే టన్నుకు 57 హార్స్‌పవర్ పడుతుంది. అదే ఇంజన్ 400 కిలోల చట్రంలో పెడితే టన్నుకు 92. ఇంజన్‌కు రూపాయి ఖర్చు పెట్టకుండానే కారు చురుకైంది. ఇంజన్ బలం పెంచితే సూటి దారిలోనే లాభం. బరువు తగ్గిస్తే బ్రేకు వేసినప్పుడూ, మలుపు తిరిగినప్పుడూ, టైరు అరుగుదలలోనూ లాభమే.

మన దేశంలో ఈ లెక్క ఏటేటా పరీక్షకు నిలిచిన చోటు షోళవరం. మద్రాసుకు ఉత్తరాన, నెల్లూరు వైపు వెళ్లే ట్రంకు రోడ్డు పక్కన, రెండో ప్రపంచ యుద్ధకాలంలో వేసిన విమానాల పట్టీ అది. యుద్ధం ముగిశాక ఖాళీగా పడి ఉంది. 1953లో ఏర్పడిన మద్రాస్ మోటార్ స్పోర్ట్స్ క్లబ్ దాన్ని పందేలకు వాడుకుంది. ‘టి’ ఆకారంలో ఉన్న రన్‌వేలు కాబట్టి నిడుపాటి సూటి దారులు, వాటి కొసల్లో ఇరుకు మలుపులు. బలమున్న బండి సూటి దారిలో ముందుకు పోతే, తేలిక బండి బ్రేకు ఆలస్యంగా వేసి మలుపులో అందుకునేది. అక్కడికి రాజులూ వచ్చారు, మెకానిక్కులూ వచ్చారు. గొండాల్ మహారాజు సర్టీస్ ఫార్ములా కారు తెచ్చారు. విజయ్ మాల్యా ఎన్‌సైన్ ఫార్ములా వన్ కారు నడిపారు. వాటి పక్కనే ఫియట్లు, హెరాల్డులు ఉండేవి: వెనక సీట్లు పీకి, సైలెన్సర్ మార్చి, సిలిండర్ హెడ్ చెక్కించి తెచ్చినవి. విదేశీ కార్ల కథలు పుస్తకాలకెక్కాయి. హెడ్లు చెక్కిన లేతు పనివాళ్ల పేర్లు ఎక్కడా దొరకవు. ఈ చరిత్రలో పోయిన వాటిలో అదే అన్నిటికన్నా విలువైనది. 1982లో బెంగళూరు నుంచి వచ్చిన సిపాని డాల్ఫిన్ ఫైబర్‌గ్లాస్ ఒళ్లు, 848 సీసీ ఇంజన్ ఉన్న తేలిక కారు. కుటుంబాలు దాన్ని పెద్దగా కొనలేదు గానీ, ర్యాలీలవాళ్లు, పందేలవాళ్లు మనసారా ఆదరించారు.

1983 డిసెంబరులో మారుతి 800 వచ్చింది: మూడు సిలిండర్లు, 796 సీసీ, బరువు సుమారు 650 కిలోలు. ఆ ఇంజన్‌లో పందెం కారును చూసినవాడు ఎస్. కరివర్ధన్. 1910లో జి. కుప్పుస్వామి నాయుడు స్థాపించిన లక్ష్మీ మిల్స్ కుటుంబంవాడు, మళ్లీ కోయంబత్తూరు తెలుగువాడే. స్వయంగా షోళవరంలో కార్లు నడిపి, షెడ్డులో తనే కార్లు కట్టినవాడు. 1988లో ఆయన ఫార్ములా మారుతి తెచ్చారు. ఒకే సీటు, ఉక్కు గొట్టాల చట్రం, నాలుగు చక్రాలూ బయటికి, డ్రైవరు వీపు వెనక బజారులో దొరికే మారుతి ఇంజన్. అప్పటిదాకా ఫార్ములా కారు నడపాలంటే విదేశం నుంచి తెప్పించుకునే స్తోమత కావాలి. కరివర్ధన్ దాన్ని మధ్యతరగతి కుర్రాడు ఆశపడగల దూరానికి తెచ్చారు. అందరికీ ఒకటే ఇంజన్ కాబట్టి గెలుపు డబ్బును బట్టి కాక చేతి పనితనాన్ని బట్టి తేలేది. 1995లో ఆయన విమాన ప్రమాదంలో చనిపోయారు. కోయంబత్తూరుకే చెందిన నరేన్ కార్తికేయన్ తొలి పందెం ఫార్ములా మారుతిలోనే నడిపి, 2005లో భారతదేశపు మొదటి ఫార్ములా వన్ డ్రైవరయ్యాడు.

బలం తక్కువ కారు మంచి గురువు. మలుపులో ఒకసారి వేగం పోగొట్టుకుంటే మళ్లీ పుంజుకునేసరికి సూటి దారి అయిపోతుంది, తప్పు దాచుకోవడానికి చోటుండదు. అందుకే మొదటి పాఠం బ్రేకుది. బ్రేకు మలుపుకు ముందే, చక్రాలు సూటిగా ఉండగానే గట్టిగా వేసి, తిరగడం మొదలవగానే మెల్లగా వదలాలి. ఒక్కసారిగా వదిలితే ముందు చక్రాల మీది బరువు లేచిపోయి కారు మాట వినదు. దారి బయటి అంచున మొదలై, మలుపు లోపలి అంచును తాకి, మళ్లీ బయటికి రావాలి. గేరు తగ్గించేటప్పుడు కుడి పాదం ముందుభాగం బ్రేకు మీద, పక్కభాగం యాక్సిలరేటర్ మీద ఉంచి ఇంజన్ వేగం కలపడం అన్నిటికన్నా ఆలస్యంగా పట్టుబడే విద్య. ఇదంతా ట్రాకు మీద నేర్వవలసింది. కోదాడ మీదుగా పోయే 65వ నంబరు జాతీయ రహదారి ఎంత నున్నగా ఉన్నా, ట్రాక్టర్లు, బైకులు అడ్డం వచ్చే ఆ దారి దీనికి చోటు కాదు.

కారును చూసుకోవడం నడపడంలో సగం. గొట్టాల చట్రంలో వెల్డింగు అతుకుల దగ్గర పగుళ్లు రంగు కింద దాక్కుంటాయి, ప్రతి పందెం తర్వాత వెతకాలి. ఫైబర్‌గ్లాస్ తుప్పు పట్టదు, పగులుతుంది; మ్యాట్, రెజిన్ పెట్టి అతుకుతారు. కార్బురేటర్ సరిగా ఉందో లేదో స్పార్క్ ప్లగ్ చెబుతుంది: కొస లేత గోధుమరంగులో ఉంటే బాగున్నట్టు, నల్లగా మసిబారితే పెట్రోలు ఎక్కువైనట్టు, తెల్లబడితే తక్కువై ఇంజన్ వేడెక్కుతున్నట్టు. టాపెట్ల సందు, టైర్ల గాలి, వీల్ అలైన్‌మెంట్, ప్రతి నట్టు బిగువు. తేలిక కారులో ఏ ఒక్కటి తేడా వచ్చినా స్టీరింగులో వెంటనే తెలుస్తుంది.

ఈ ఇంజన్ విద్య తెలంగాణ పట్టణాలకు కొత్తదేమీ కాదు. మారుతి 800లోని అదే 796 సీసీ ఇంజన్ ఆమ్నీ వ్యాన్లలోనూ ఉండేది. కోదాడ, సూర్యాపేట, మిర్యాలగూడ షెడ్లలో ఆ బండ్లను విప్పి బిగించిన మెకానిక్కులకు ఫార్ములా మారుతి గుండెకాయ చేతికి తెలిసినదే. కాలుష్య నిబంధనలు మారడంతో 2010 ఏప్రిల్ నుంచి హైదరాబాద్ సహా పెద్ద నగరాల్లో 800 అమ్మకం ఆగింది. వాటి బయట మరో నాలుగేళ్లు సాగి, 2014 జనవరిలో తయారీయే ముగిసింది. కార్బురేటర్ చెవితో విని సరిచేసే తరమూ పలచబడింది.

షోళవరం పాత్ర 1990లో శ్రీపెరుంబుదూరు దగ్గరి ఇరుంగట్టుకోట్టై ట్రాకుకు మారింది. 2003లో కోయంబత్తూరు దగ్గర చెట్టిపాళయంలో మరో ట్రాకు మొదలైంది. కరివర్ధన్ పేరు మీద దాన్ని కరి మోటార్ స్పీడ్‌వే అంటారు. ఫార్ములా మారుతి స్థానంలో 1300 సీసీ మారుతి ఇంజన్‌తో ఎల్‌జీబీ ఫార్ములా 4 వచ్చింది. హైదరాబాదుకు చెందిన అనిందిత్ రెడ్డి 2016, 2017లలో యూరో జేకే ఛాంపియన్‌షిప్ గెలిచాడు. 2023 ఫిబ్రవరి 11న హుస్సేన్‌సాగర్ పక్కన విద్యుత్ కార్ల ఫార్ములా ఈ పందెం జరిగింది, జాన్ ఎరిక్ వెర్న్ గెలిచాడు.

సొంతంగా కట్టుకున్న తేలిక కారును రోడ్డు మీదికి తేవడం మాత్రం నేడు దాదాపు అసాధ్యం. తయారీదారు ఇచ్చిన రూపాన్ని మార్చకూడదని మోటారు వాహనాల చట్టం 52వ సెక్షన్ అంటుంది, 2019 జనవరిలో సుప్రీంకోర్టు దాన్ని గట్టిగా నిలబెట్టింది. భద్రత దృష్ట్యా నియమం సరైనదే. కానీ పరీక్షించి, తూకం వేసి, అనుమతించే దారి ఒకటి ఉంచి ఉంటే షెడ్ల పనితనం బతికేది. ట్రాకు మీదే తిరిగే కారుకు రిజిస్ట్రేషన్ అక్కర్లేదు, దాన్ని లారీలో ఎక్కించి తీసుకుపోతారు. నడిపేవారికి మోటార్ స్పోర్ట్స్ క్లబ్బుల జాతీయ సమాఖ్య ఇచ్చే పోటీ లైసెన్సు, నిప్పు తట్టుకునే సూటు, ప్రమాణాలకు సరిపోయే హెల్మెట్ తప్పనిసరి.