వియన్నా: తక్కువ ఖర్చులో కుటుంబంతో చూసి రావడం ఎలా?

యూరప్ అనగానే మన కుటుంబాలకు ముందు గుర్తొచ్చేవి లండన్, పారిస్, స్విట్జర్లాండ్. ఆస్ట్రియా రాజధాని వియన్నా పేరు తక్కువగా వినిపిస్తుంది. కానీ పిల్లలతో వెళ్లేవారికి ఈ ఊరు పై మూడింటికన్నా చవకగా పడే అవకాశం ఉంది. హోటళ్లేమీ మరీ చవక కాదు. అయితే మంచినీళ్ల దగ్గర నుంచి మ్యూజియంల దాకా ఉచితంగా దొరికేవి ఇక్కడ చాలా ఎక్కువ. అవి తెలియకుండా వెళ్లినవారికే ఖర్చు తడిసి మోపెడవుతుంది.

ఆరు వందల ఏళ్లకు పైగా హబ్స్‌బర్గ్ రాజవంశం ఏలిన సామ్రాజ్యానికి ముఖ్యపట్టణంగా నిలిచిన ఊరు ఇది. పాతనగరాన్ని 2001లో యునెస్కో ప్రపంచ వారసత్వ జాబితాలో చేర్చింది. ఉస్మానీ సైన్యాలు 1529లో ఒకసారి, 1683లో మరోసారి ఈ కోట గోడల దాకా వచ్చి వెనుదిరిగాయి. ఆ జ్ఞాపకాలు వీధుల పేర్లలో, పార్కుల పేర్లలో ఇప్పటికీ కనిపిస్తాయి.

వీసా, విమానం

ఆస్ట్రియా షెంగెన్ దేశం. 2024 జూన్ నుంచి వీసా ఫీజు పెద్దలకు 90 యూరోలు, 6 నుంచి 12 ఏళ్ల లోపు పిల్లలకు 45 యూరోలు. ఆరేళ్ల లోపు పిల్లలకు ఫీజు లేదు. అంటే తల్లిదండ్రులు, ఎనిమిదేళ్ల, పదేళ్ల పిల్లలు ఉన్న నలుగురి కుటుంబానికి ఫీజే 270 యూరోలు. దరఖాస్తు కేంద్రం సర్వీసు చార్జీ దీనికి అదనం. వీసా రాకపోయినా ఈ డబ్బు తిరిగి రాదు. అందుకే వీసా చేతికి రాకముందే రద్దు చేసుకోలేని విమాన టికెట్లు కొనకూడదు. హోటల్ బుకింగ్ కూడా ఉచితంగా రద్దు చేసుకునే వీలున్నదే పెట్టుకోవాలి.

ప్రయాణానికి ఆరు నెలల ముందు నుంచి దరఖాస్తు చేసుకోవచ్చు. కనీసం 30,000 యూరోల వైద్య ఖర్చులకు సరిపోయే ట్రావెల్ ఇన్సూరెన్స్ తప్పనిసరి. ఒకే ట్రిప్పులో రెండు మూడు షెంగెన్ దేశాలు తిరిగేట్టయితే ఎక్కువ రోజులు ఉండే దేశం దగ్గరే దరఖాస్తు పెట్టాలి. వియన్నాలో రెండు రోజులు, జర్మనీలో ఐదు రోజులు ఉంటూ ఆస్ట్రియాకు దరఖాస్తు పెడితే చిక్కులొస్తాయి.

హైదరాబాద్ నుంచి దుబాయ్, దోహా, ఫ్రాంక్‌ఫర్ట్ లాంటి చోట్ల విమానం మారి వెళ్లవచ్చు. మన బడి సెలవులు ఏప్రిల్, మే నెలల్లో ఉండటం ఇక్కడ కలిసొస్తుంది. అప్పుడు వియన్నాలో వసంతకాలం. చలి తగ్గి, తోటలు పూసి ఉంటాయి.

ముఖం కప్పుకోవడంపై చట్టం

మన ఆడవాళ్లు బయలుదేరే ముందే తెలుసుకోవాల్సిన విషయం ఒకటుంది. బహిరంగ ప్రదేశాల్లో ముఖం గుర్తుపట్టలేనంతగా కప్పుకోవడాన్ని నిషేధిస్తూ ఆస్ట్రియాలో 2017 అక్టోబర్ 1 నుంచి చట్టం అమల్లో ఉంది. జరిమానా 150 యూరోల వరకు ఉంటుంది. ఇది టూరిస్టులకూ వర్తిస్తుంది. రైళ్లు, బస్సులు, విమానాశ్రయం అన్నీ దీని కిందికే వస్తాయి.

పత్రికలు దీన్ని 'బుర్ఖా నిషేధం' అని రాయడంతో మన దగ్గర కొంత గందరగోళం ఏర్పడింది. మన ఊళ్లలో బుర్ఖా అంటే నల్లటి పైవస్త్రం. దానిపై ఏ అభ్యంతరమూ లేదు. హిజాబ్, స్కార్ఫ్, అబాయా వేసుకుని నిశ్చింతగా తిరగవచ్చు. చట్టం పట్టించుకునేది నఖాబ్‌నే. నఖాబ్ తీయడం ఇష్టం లేని కుటుంబాలు టికెట్లు కొన్నాక కాదు, కొనకముందే ఈ విషయం ఆలోచించుకోవడం మంచిది.

విమానాశ్రయం నుంచి ఊళ్లోకి

దిగగానే పెద్ద పెద్ద బోర్డులతో ఆకుపచ్చ రంగు 'క్యాట్' రైలు పిలుస్తుంది. 16 నిమిషాల్లో వీన్ మిట్టే స్టేషన్‌కు చేరుస్తుంది. అదే స్టేషన్‌కు ఎస్7 అనే మామూలు లోకల్ రైలు కూడా వెళ్తుంది, దాదాపు 25 నిమిషాలు పడుతుంది. టికెట్ ధరలో మాత్రం తేడా రెండింతలకు మించే ఉంటుంది. పది నిమిషాల కోసం టికెట్లకు అంత పెట్టడం దండగ.

ఊళ్లో మెట్రో, ట్రామ్, బస్సు అన్నింటికీ ఒకే టికెట్. మెట్రో స్టేషన్లలో మన హైదరాబాద్ మెట్రోలాగా గేట్లు ఉండవు. నేరుగా ప్లాట్‌ఫాం మీదికి నడిచి వెళ్లిపోవచ్చు. అందుకే చాలామంది కొత్తవాళ్లు పొరపాటు పడతారు. కాగితం టికెట్ కొంటే సరిపోదు, ప్రయాణం మొదలుపెట్టే ముందు మెషిన్‌లో పెట్టి ముద్ర వేయించుకోవాలి. ముద్ర లేని టికెట్ చెల్లదు. మామూలు బట్టల్లో చెకింగ్ వాళ్లు వస్తారు. దొరికితే ఒక్కొక్కరికి 100 యూరోలకు పైనే జరిమానా, తెలియదంటే వినరు.

నాలుగు రోజులో అంతకన్నా ఎక్కువో ఉండేవారు 24 గంటల పాస్‌లు విడివిడిగా కొనే ముందు ఏడు రోజుల పాస్ ధరతో పోల్చి చూడాలి. చాలాసార్లు అదే లాభం. ఆరేళ్ల లోపు పిల్లలకు ఎప్పుడూ టికెట్ అక్కర్లేదు. 15 ఏళ్ల లోపు పిల్లలకు ఆదివారాలు, ప్రభుత్వ సెలవు రోజులు, వియన్నా బడుల సెలవుల్లో ప్రయాణం ఉచితం. వయసు చూపించే కార్డు దగ్గరుండాలి. టూరిస్టులకు అమ్మే 'సిటీ కార్డు' కొనే ముందు లెక్క వేసుకోవాలి. అది ఇచ్చేది ఊళ్లో ప్రయాణం, దానితోపాటు ప్రవేశ రుసుముల్లో డిస్కౌంట్లు. పిల్లలున్న కుటుంబానికి అది పెద్దగా గిట్టుబాటు కాదు. కారణం కింద ఉంది.

19 ఏళ్ల లోపు పిల్లలకు మ్యూజియంలు ఉచితం

ఆస్ట్రియా కేంద్ర ప్రభుత్వ మ్యూజియంలన్నింట్లో 19 ఏళ్లు నిండనివారికి ప్రవేశం ఉచితం. ఏ దేశం పిల్లలైనా సరే. ఈ ఒక్క నిబంధనే మనలాంటి కుటుంబాలకు వియన్నాను అందుబాటులోకి తెస్తుంది. పెద్దలకు పెద్ద మ్యూజియంల టికెట్ అటూఇటూగా 20 యూరోలు. ఇద్దరు పిల్లలతో మూడు మ్యూజియంలు చూస్తే ఎంత మిగులుతుందో లెక్కేసుకోవచ్చు. డైనోసార్ల అస్థిపంజరాలున్న ప్రకృతి చరిత్ర మ్యూజియం, దానికి ఎదురుగానే ఉన్న కళా చరిత్ర మ్యూజియం, క్లిమ్ట్ గీసిన 'ముద్దు' చిత్రం ఉన్న బెల్వెడేర్ ప్యాలెస్, టెక్నికల్ మ్యూజియం అన్నీ ఈ జాబితాలోవే. ప్రకృతి చరిత్ర మ్యూజియంకు మంగళవారం సెలవు. కార్ల్స్‌ప్లాట్జ్‌లోని వియన్నా నగర మ్యూజియం శాశ్వత ప్రదర్శన 2023 డిసెంబర్ నుంచి పెద్దలకు కూడా ఉచితమే.

ఇదే జాబితాలో 'మాక్' అనే అనువర్తిత కళల మ్యూజియం ఉంది. టూరిస్టులు అంతగా వెళ్లరు గానీ దాస్తానె అమీర్ హమ్జా కథలు వింటూ పెరిగిన ఇళ్లవాళ్లు తెలుసుకోవాల్సిన చోటు. అక్బర్ పాదుషా తన చిత్రకారులతో బట్ట మీద గీయించిన హమ్జానామా బొమ్మలు మొదట సుమారు 1,400 ఉండేవి. ఇప్పుడు ప్రపంచమంతా వెతికినా రెండు వందల వరకే మిగిలాయి. వాటిలో అరవై దాకా ఇక్కడే ఉన్నాయి. ఒకేచోట ఇన్ని మరెక్కడా లేవు. 1873లో వియన్నాలో జరిగిన ప్రపంచ ప్రదర్శన సందర్భంగా ఈ మ్యూజియం చేతికి వచ్చాయి. వెలుతురుకు పాడవుతాయి కాబట్టి అన్నీ ఎప్పుడూ బయట పెట్టరు. వెళ్లే ముందు ఏమేం ప్రదర్శనలో ఉన్నాయో అడగాలి. ఆ బొమ్మలు కనపడకపోయినా ఈజిప్ట్, ఇరాన్, తుర్కీ పాత తివాచీల సేకరణ కోసం వెళ్లవచ్చు.

షోన్‌బ్రున్ రాజభవనం సంగతి వేరు. అది ఈ ఉచిత జాబితాలో లేదు, పిల్లలకూ టికెట్ ఉంటుంది. భవనం లోపలి 'మిలియన్ల గది' గోడలకు మొఘల్ సూక్ష్మచిత్రాలను కత్తిరించి, అతికించి, బంగారు ఫ్రేముల్లో బిగించారు. రాణి మరియా థెరెసా కాలం నాటి పని. అందంగానే ఉంటుంది, కత్తెర పడినందుకు బాధా కలుగుతుంది. బడ్జెట్ కుదరకపోతే భవనం వదిలేసి తోటకు వెళ్లాలి. విశాలమైన ఆ తోటకు టికెట్ లేదు. వెనక గుట్టెక్కితే ఊరంతా కనిపిస్తుంది.

డబ్బు పెట్టకుండా చూసేవి ఇంకా ఉన్నాయి. పాతనగరం చుట్టూ ఉన్న రింగ్ రోడ్డు మీద 1, 2 నంబర్ల మామూలు ట్రామ్‌లెక్కితే మామూలు టికెట్‌తోనే పార్లమెంటు, ఒపెరా, హాఫ్‌బర్గ్ కోట చూసేయవచ్చు. హాఫ్‌బర్గ్ ఆవరణలో తిరగడానికి డబ్బు కట్టక్కర్లేదు. హైలిగెన్‌స్టాట్ మెట్రో స్టేషన్ నుంచి 38ఎ బస్సు కాలెన్‌బర్గ్ కొండ మీదికి వెళ్తుంది, సిటీ పాస్ సరిపోతుంది. 1683లో పోలండ్ రాజు సోబియెస్కీ సైన్యం ఉస్మానీల మీదికి దిగింది ఈ కొండల నుంచే. డాన్యూబ్ నది మధ్యలో 21 కిలోమీటర్ల పొడవున ఉన్న కృత్రిమ ద్వీపంలో పిల్లలను ఒక సాయంత్రమంతా ఆడించవచ్చు.

తిండి, నీళ్లు

నీళ్ల బాటిల్ కొనొద్దు. 1873 నుంచీ ఈ ఊరికి ఆల్ప్స్ కొండల ఊటనీరు గొట్టాల్లో వస్తోంది. హోటల్ కుళాయి నీళ్లు నేరుగా తాగవచ్చు. వీధుల్లోనూ వెయ్యికి పైగా తాగునీటి కుళాయిలున్నాయి. ఖాళీ బాటిళ్లు వెంట ఉంటే ఇంకో ఉపయోగం కూడా ఉంది. అక్కడి టాయిలెట్లలో నీళ్ల ఏర్పాటు ఉండదు, కాగితమే. మనవాళ్లు ముందు ఇబ్బంది పడేది ఇక్కడే.

హలాల్ తిండికి 16వ జిల్లాలోని బ్రున్నెన్‌మార్క్ట్ మంచి చోటు. యు6 మెట్రోలో జోసెఫ్‌స్టెడ్టర్ స్ట్రాసె స్టేషన్‌లో దిగాలి. వీధి పొడవునా తుర్కీ, బోస్నియా, అరబ్ దుకాణాలే. రొట్టెలు, ఆలివ్‌లు, పండ్లు, కబాబులు టూరిస్టులంతా వెళ్లే నాష్‌మార్క్ట్ కన్నా చవక. షాట్టెన్‌టోర్ దగ్గర 'వీనర్ దీవాన్' అనే పాకిస్తానీ భోజనశాల 2005 నుంచి నడుస్తోంది. కావలసినంత తిని, ఇవ్వగలిగినంత ఇవ్వడం దాని పద్ధతి. అలాగని నలుగురు కడుపునిండా తిని చిల్లర చేతిలో పెట్టడం మాత్రం బాగుండదు. మాంసం హలాలా కాదా అని ఎక్కడైనా సరే అడిగే తినాలి.

సూపర్‌మార్కెట్లో కొనేటప్పుడు కొన్ని జర్మన్ మాటలు గుర్తుంటే చాలు. ష్వైన్ అంటే పంది, షింకెన్, స్పెక్ కూడా దాని మాంసమే, ష్మాల్ట్జ్ అంటే సాధారణంగా దాని కొవ్వు. 'వీనర్ ష్నిట్జెల్' పేరుతో అమ్మేది దూడమాంసం. 'వీనర్ ఆర్ట్' అని చేరిస్తే ఎక్కువగా పందిమాంసం. రోడ్డుపక్క సాసేజ్ బండ్ల జోలికి వెళ్లకపోవడమే మేలు. గులాబీ రంగు పంచ్ కేకులో రమ్ కలుపుతారు, పిల్లలు రంగు చూసి అడుగుతారు, జాగ్రత్త.

కాఫీహౌస్‌లో ఒకసారి కూర్చోవాలి. ఒక్క కప్పు చెప్పి గంటలకొద్దీ కూర్చున్నా ఎవరూ లేవమనరు, పక్కనే గ్లాసుడు నీళ్లు పెడతారు. ఇరానీ హోటల్‌లో ఒక చాయ్ మీద పూట గడిపే హైదరాబాదీలకు ఇది కొత్తేమీ కాదు. కప్పు ధర మాత్రం కొత్తే.

ఆదివారం దుకాణాలన్నీ బంద్. పెద్ద రైల్వే స్టేషన్లలోని కొన్ని సూపర్‌మార్కెట్లే తెరిచి ఉంటాయి. శనివారం సాయంత్రమే పాలు, రొట్టె, గుడ్లు తెచ్చి పెట్టుకోవాలి. వంటగది ఉన్న గది తీసుకుంటే రోజుకు కనీసం ఒక పూట ఖర్చు తగ్గుతుంది. పాతనగరంలో ఉండాల్సిన పనిలేదు. మెట్రో స్టేషన్‌కు నడిచి వెళ్లేంత దూరంలో బయటి జిల్లాల్లో ఉంటే చాలు. శుక్ర, శనివారాల్లో మెట్రో రాత్రంతా నడుస్తుంది.

నమాజ్

బోస్నియా ముస్లింలు తమ పాలనలోకి రావడంతో 1912లోనే ఆస్ట్రియా ఇస్లాంకు చట్టపరమైన గుర్తింపు ఇచ్చింది. డాన్యూబ్ ఒడ్డున మినార్‌తో ఉన్న ఇస్లామిక్ సెంటర్ 1979లో ప్రారంభమైంది. యు6 మెట్రోలో నోయె డోనావ్ స్టేషన్ నుంచి నడిచి వెళ్లవచ్చు. జుమాకు అక్కడికి వెళ్లేట్టు రోజు ప్లాన్ చేసుకుంటే, అదే లైన్‌లో తిరిగి వస్తూ బ్రున్నెన్‌మార్క్ట్‌లో భోంచేయవచ్చు.

వేళలు మాత్రం మనకు అలవాటు లేనివి. జూన్‌లో సూర్యాస్తమయం రాత్రి తొమ్మిదికి దగ్గర, సూర్యోదయం ఐదులోపే. ఇషా, ఫజ్ర్ మధ్య నిద్రకు కొద్ది గంటలే దొరుకుతాయి. డిసెంబర్‌లో సాయంత్రం నాలుగింటికే మగ్రిబ్. ఫోన్‌లోని నమాజ్ టైమింగ్ యాప్‌లో ఊరి పేరు మార్చుకోవడం మరిచిపోవద్దు.

ఏటీఎంలో డబ్బు తీసేటప్పుడు 'రూపాయల్లో లెక్కకట్టమంటారా' అని తెర మీద అడుగుతుంది. వద్దని యూరోల్లోనే తీసుకోవాలి. లేకపోతే మారకం రేటులో నష్టం. పర్యాటక స్థలాల్లో విడిగా కనిపించే ఏటీఎంల బదులు బ్యాంకు ఏటీఎంలు వాడాలి. ఆపద వస్తే 112కు, అంబులెన్స్ కావాలంటే 144కు ఫోన్ చేయాలి.