ఉప్పు మడి, గలగండం, టీఎస్‌హెచ్

నెల్లూరు తీరాన ఇస్కపల్లి మళ్లలో పండే ఉప్పు సముద్రుని బిడ్డే. అయినా అందులో అయోడిను నామమాత్రం. కడలి నీటిలోనే అది అత్యల్పం. ఉప్పు గడ్డకట్టేవేళ ఆ కాస్తా చాలావరకు చేదునీటిలోనే నిలిచిపోతుంది. 1930లో ఈ తీరాన శాసనోల్లంఘనగా వండిన ఉప్పూ అంతే. (పన్ను పీడ ముందు గొంతులోని గ్రంథిని తలచేదెవరు!)

ఆ లోటు తీర్చే దారి చూపినవారిలో తెలుగువాడొకరు. 1921లో శ్రీకాకుళంలో జన్మించిన వులిమిరి రామలింగస్వామి 1956లో కాంగ్రా లోయలో ఆరంభించిన పరిశోధన, అయోడిను కలిపిన ఉప్పుతో గలగండం తగ్గుతుందని లెక్కలతో చూపింది. 1962లో జాతీయ కార్యక్రమం మొదలైంది. 2006 నుండి తినే ఉప్పుకు అయోడిను తప్పనిసరి.

నాడు వైద్యుడు గొంతు తడిమేవాడు, నేడు టీఎస్‌హెచ్ అంకె చూస్తున్నాడు. అదొక తిరగబడ్డ త్రాసు: గ్రంథి మందగిస్తే అంకె పెరుగుతుంది. పెద్దలలో సుమారు 0.4–4 సాధారణమంటారు, గర్భిణులకు, వృద్ధులకు హద్దులు వేరు. గర్భిణుల మాట అటుంచి, తక్కినవారికి 5 కనబడగానే మాత్ర మొదలుపెట్టడం నాకు సబబనిపించదు; టీ4 చూసి, కొన్ని వారాలకు మరల పరీక్షించాలి.