కారెమపూడి వీరులగుడి

పల్నాటిసీమలో నాగులేటి యొడ్డున కారెమపూడి గ్రామము కలదు. గురజాల నేలిన నలగామరాజునకును, మాచెర్ల నేలిన అతని సవతితమ్ముడు మలిదేవరాజునకును 12వ శతాబ్దిలో ఇచ్చటనే ఘోరసంగ్రామము జరిగెను. కోడిపోరులో ఓడిన మలిదేవుని పక్షమువారు ఏడేండ్లు వలసపోయిరి. గడువు తీరిన పిదప రాజ్యభాగము నడుగ రాయబారిగా వెళ్లిన అలరాజు విషప్రయోగమునకు బలియయ్యెనని వీరగాథ చెప్పును. అంతట సంధిమాట సమసి, పోరు తప్పదయ్యెను. బ్రహ్మనాయుని కుమారుడు బాలచంద్రుడు మొదలుగా ఎందఱో వీరులు నేలకొఱగిరి. ఉభయపక్షములకును మిగిలినది దుఃఖమే.

ఆ రణభూమిలో వీరులగుడి వెలసినది. అందు వీరులకు గుర్తులుగా లింగములు నిలిపి, వారి ఆయుధములను పూజింతురు. ఏటేట కార్తిక అమావాస్య మొదలు ఐదునాళ్లు ఉత్సవము జరుగును. రాచగావు, రాయబారము, మందపోరు, కోడిపోరు, కల్లిపాడు అని ఆ దినముల పేర్లు. మందపోరునాడు కులభేదము లేక అందఱును చాపకూడు కుడుతురు. మాల కన్నమదాసును పుత్రునిగా చేకొని, ఒకే చాపపై అందఱికిని అన్నము పెట్టిన బ్రహ్మనాయుని స్మృతి యిది.

రాజ్యము పంచుకొనలేని సోదరుల కోటలు కూలిపోయినవి. అన్నము పంచుకొనినవారి చాప మాత్రము నేటికిని ఏటేట పఱువబడుచున్నది.