వంతు ఎవరిది?

రంజాన్ రాత్రి ఒంటిగంట. చార్మినార్ చుట్టూ ఇంకా పట్టపగలే. లాడ్ బజార్ గాజుల మీద బల్బుల వెలుగు పడి కళ్లు చెదురుతున్నాయి. మేం నలుగురం ఓ ఇరానీ హోటల్లో బల్ల చుట్టూ కూర్చుని రెండో విడత చాయ్ చెప్పాం. గొడవ మొదలై అప్పటికే గంటయింది.

"రీబర్త్‌ని మించింది లేదు భాయ్," అన్నాడు షాలిబండ దోస్తు. పగలంతా హైటెక్ సిటీలో కోడ్ రాసి, రాత్రయితే ప్లేస్టేషన్ ముందు కూర్చునే మనిషి. "నై మియా, డ్రాగన్ క్వెస్ట్ పదకొండు. ఆలోచించి కొట్టాలె గానీ ఉరికి ఉరికి కొట్టుడేంది?" అన్నాడు గాజుల దుకాణం అన్న. మొబైల్ రిపేరు కుర్రాడు ఇద్దరినీ ఒక్క మాటతో తోసేశాడు. "నీయర్ ఆటోమేటా ఆఖరిదాకా ఆడినోళ్లు మీ ఇద్దర్ల ఎవరన్న ఉన్నరా? లేకుంటె మాట్లాడకుండ్రి."

మూడూ ఒకే జపాన్ కంపెనీ తెచ్చిన ఆటలు. స్క్వేర్ ఎనిక్స్. గత పదేళ్లలో ఆ కంపెనీ ఇచ్చిన రోల్ ప్లేయింగ్ గేముల్లో ఏది గొప్పదన్నదే పంచాయితీ. ఎంత విన్నా నాకు అర్థమైంది ఒకటే. ఈ తగాదా బొమ్మల అందం గురించి కాదు, కథ గురించీ కాదు. వంతు గురించి. ఆటలో శత్రువు ఎదురుపడ్డప్పుడు నా వంతు వచ్చేదాకా లోకం ఆగాలా, అక్కర్లేదా? చదరంగంలో, పచ్చీసులో, అష్టాచెమ్మాలో ఆగుతుంది. వీధిలో కొట్టుకుంటే ఆగదు. ముప్పై ఏళ్లకు పైగా ఈ కంపెనీ తనతో తాను పడుతున్న తగువూ ఇదే.

నిజానికి పాతబస్తీలో ఈ రకం ఆటలు వేరూనడం కష్టం. ఇరవై ఏళ్ల కిందట మొగల్‌పురా సందులో నేను పోయే గేమ్ పార్లర్లో రెండు టీవీలు, రెండు ప్లేస్టేషన్ 2 పెట్టెలు, గంటకు పది రూపాయలు. కుస్తీ, టెక్కెన్, క్రికెట్ నడిచేవి. గెలిచినవాడు కూర్చుంటాడు, ఓడినవాడు లేస్తాడు. వెనక నిలబడ్డ పదిమంది తమ వంతు కోసం మెడ మీద ఊపిరి వదులుతుంటారు. అలాంటి చోటికి ఎవరో దుబాయ్ నుంచి వస్తూ ఫైనల్ ఫాంటసీ 10 డిస్కు తెచ్చారు. నలభై, యాభై గంటల ఆట. పది రూపాయలకు నాకు దక్కింది దాని గుమ్మం మాత్రమే. అయినా మెమరీ కార్డులో సేవ్ చేసుకుని వారం వారం పోయేవాణ్ణి. ఆ కార్డు మొత్తం 8 ఎంబీలు. ఓ శుక్రవారం పోయి చూస్తే నా యాత్ర మాయం, ఆ చోట ఎవడిదో క్రికెట్ టోర్నమెంటు కూర్చుంది. పార్లర్ భాయ్‌ని అడిగితే "జగా నై థీ" అన్నాడు. ఆ కోపం చాలా ఏళ్లు ఉంది. దీని సంగతి మళ్లీ చెప్తాను.

రెండు ఇళ్లు, ఒక ఇరానీ

స్క్వేర్, ఎనిక్స్ మొదట వేర్వేరు ఇళ్లు. 1986 మే 27న ఎనిక్స్ విడుదల చేసిన డ్రాగన్ క్వెస్ట్ జపాన్ ఇళ్లలోని ఫామికామ్ పెట్టెకు ఈ రకం ఆటను అలవాటు చేసింది. కథ యూజీ హోరిది, బొమ్మలు అకిరా తోరియామావి, సంగీతం కోయిచి సుగియామాది. 1988లో మూడో భాగం వచ్చిన రోజు పిల్లలు బడి ఎగ్గొట్టి దుకాణాల ముందు బారులు తీరారు. మనకు మొదటి రోజు మొదటి ఆట ఎలాగో, అక్కడ అదలాగ.

స్క్వేర్‌లో హిరోనోబు సకాగుచి 1987 డిసెంబర్ 18న ఫైనల్ ఫాంటసీ తెచ్చాడు. దానికి కోడ్ రాసిన నాసిర్ గెబెల్లి ఇరాన్‌లో పుట్టి అమెరికాలో స్థిరపడ్డవాడు. రెండో భాగం తయారవుతుండగా అతని వీసా గడువు అయిపోతే, జపాన్ బృందమే సామాను సర్దుకుని కాలిఫోర్నియాలోని శాక్రమెంటోకు వెళ్లి పని పూర్తి చేసింది. ఈ సంగతి చెప్పగానే గాజుల అన్న గల్లా వైపు చూసి నవ్వాడు. "చాయ్ ఒక్కటే అనుకున్న, ఇదీ ఇరానీలదేనా?"

వంతు మీద మొదటి దెబ్బ 1991లో పడింది. ఫైనల్ ఫాంటసీ 4లో హిరోయుకి ఇతో ఓ ఉపాయం చేశాడు. వంతు ఉంటుంది, కానీ గడియారం ఆగదు. నువ్వు తీరిగ్గా ఆలోచిస్తూ కూర్చుంటే శత్రువు ఊరుకోడు. 1997లో మూడు సీడీల మీద వచ్చిన ఫైనల్ ఫాంటసీ 7 ఆ పద్ధతినే ప్రపంచమంతా తిప్పింది. 2001లో పదో భాగం గడియారాన్ని తీసేసి మళ్లీ అసలైన వంతుకు వచ్చింది. అదే ఏడు స్క్వేర్ తీసిన ఫైనల్ ఫాంటసీ సినిమా భారీ నష్టం మిగిల్చింది. 2003 ఏప్రిల్ 1న రెండు ఇళ్లూ కలిసిపోయాయి.

ఆ తర్వాతి పదేళ్లు తడబాటే. అన్నిటికన్నా పెద్ద పరాభవం 2010లో. ఆన్‌లైన్ ఆటగా వచ్చిన ఫైనల్ ఫాంటసీ 14ను ఆడినవాళ్లే తిట్టిపోశారు. నవోకి యోషిదాను పిలిచి పగ్గాలు అప్పగించారు. ఆయన పాత ఇంటికి సున్నం వేయలేదు. 2012 నవంబర్‌లో కథలోనే ఆకాశం నుంచి ఒక చంద్రుణ్ణి కూల్చి పాత లోకాన్ని ముగించాడు. 2013 ఆగస్టులో అదే పేరుతో కొత్త లోకం తెరిచాడు. 2021 డిసెంబర్‌లో ఎండ్‌వాకర్ వచ్చేనాటికి జనం తాకిడికి సర్వర్లు చాలక, కొత్తగా కొనేవాళ్లకు కంపెనీయే కొన్నాళ్లు అమ్మకం ఆపేసింది.

ఈలోగా మన ఊరూ ఊరికే లేదు. 2009లో ప్లేస్టేషన్ 2 కోసం హనుమాన్ బాయ్ వారియర్ ఆటను తయారుచేసింది హైదరాబాద్‌లోని ఆరోనా టెక్నాలజీస్. స్క్వేర్ ఎనిక్స్ 2021లో మన దేశానికి ప్రత్యేకంగా పంపినది మాత్రం ఫోన్లో ఆడుకునే లూడో జెనిత్. పచ్చీసు పుట్టినింటికి పచ్చీసు మనవణ్ణి పంపారన్నమాట.

పదేళ్ల పద్దు

2016 నవంబర్‌లో ఫైనల్ ఫాంటసీ 15 వచ్చింది. 2006లో వేరే పేరుతో ప్రకటించిన ఆట, పదేళ్లు నానింది. నలుగురు కుర్రాళ్లు కారులో ఊళ్లు తిరుగుతూ, రాత్రయితే గుడారం వేసి వండుకు తినడం ఇప్పటికీ మనసులో ఉంటుంది. పోరాటంలో వంతు లేదు, బటన్ నొక్కిపట్టి ఉరకడమే. రెండో సగం కథ అతుకుల బొంత. కోట్లు కుమ్మరించినా కాలం చాలలేదని తెలిసిపోతూనే ఉంటుంది.

2017 ఫిబ్రవరిలో నీయర్ ఆటోమేటా, జూలైలో డ్రాగన్ క్వెస్ట్ 11. ఒకే ఏడు, ఒకే ఇల్లు, రెండు ధ్రువాలు.

డ్రాగన్ క్వెస్ట్ 11లో హోరి పాత పద్ధతి వదల్లేదు. హీరో నోరు విప్పడు, వంతు రాకుండా కత్తి ఎత్తడు. అదెలా రక్తి కడుతుందో చూడాలంటే మెటల్ స్లైమ్ ఎదురుపడాలి. ఇంత లోహపు బిందువు, ముఖం మీద వెర్రి నవ్వు. మామూలుగా ఎంత గట్టిగా కొట్టినా దాని ప్రాణం ఒకటో రెండో తగ్గుతుంది. చంపితే మాత్రం గుట్టలకొద్దీ అనుభవం పాయింట్లు. ఏ వంతులోనైనా అది తుర్రుమనవచ్చు. గురి తప్పే పెద్ద దెబ్బ వేయాలా, తగిలే చిన్న దెబ్బ వేయాలా? లోకం ఆగి నీకోసం చూస్తుంటుంది. గాజుల అన్న ఆ ఘట్టం చెబుతూ చాయ్ కప్పు గాల్లోనే ఉంచేశాడు. బేరగాడు లేచి పోతాడో ఉంటాడో తేలని క్షణం ఆయనకు కొత్త కాదు. 2019లో వచ్చిన కూర్పులో ఆట మొత్తాన్ని పాతకాలపు చుక్కల బొమ్మల్లోకి మార్చుకుని కూడా ఆడుకోవచ్చు. ముప్పై ఏళ్ల వంశవృక్షం ఒకే ఆటలో.

2018 జూలైలో ఆక్టోపాత్ ట్రావెలర్. చుక్కల మనుషులను లోతున్న రంగస్థలం మీద నిలబెట్టి దీపాలు వెలిగించారు. హెచ్‌డీ-2డీ అని పేరు పెట్టారు, మన కంటికి మాత్రం అది దసరా బొమ్మల కొలువే. ఎనిమిదిమంది బాటసారులు, ఎనిమిది కథలు, కాశీ మజిలీల్లా విడివిడిగా. తీగ తెగిన పూసల్లా ఉన్నాయని వచ్చిన విమర్శ న్యాయమే. 2023 ఫిబ్రవరిలో వచ్చిన రెండో భాగం ఆ పూసలను దండ గుచ్చింది. ఈ పంచాయితీలో దాని పేరు ఎవరూ ఎత్తకపోవడం అన్యాయం.

2022 మార్చిలో ట్రయాంగిల్ స్ట్రాటజీ. ఉప్పు కోసం, ఇనుము కోసం రాజ్యాలు కొట్టుకుంటాయి. కీలకమైన నిర్ణయం నాయకుడు ఒక్కడూ చేయలేడు. అనుచరులు తలా ఒక నాణెం త్రాసులో వేస్తారు, ఎటు మొగ్గితే అటే. ముందే ఒక్కొక్కరి దగ్గరికి పోయి ఒప్పించుకోవాలి. నేను రెండుసార్లు ఓడిపోయాను. మా బల్ల దగ్గర అలవాటే.

2022, 2023ల్లో ఆటల వరద పారించారు, చాలావరకు కొట్టుకుపోయింది. 2022 మార్చిలో మొదలైన బాబిలన్స్ ఫాల్‌ను ఏడాది తిరక్కుండానే మూసేశారు. పరిమాణం కన్నా నాణ్యత ముఖ్యమని కంపెనీ 2024లో బహిరంగంగా చెప్పుకోవాల్సి వచ్చింది.

2023 జూన్‌లో ఫైనల్ ఫాంటసీ 16, మళ్లీ యోషిదా నిర్మాణం. వంతును పూర్తిగా వదిలేశారు. వారంలో 30 లక్షల కాపీలు పోయాయి. కొండంత రాక్షసులు తలపడే ఘట్టాలు చూసి తీరాలి. అయినా పక్కనున్న మిత్రులకు నువ్వు ఏమీ చెప్పలేవు, మాట వినేది కుక్క ఒక్కటే. రోల్ ప్లేయింగ్ అన్న మాటలో రోల్ నాయకుడికి పోయింది, మనకు కత్తి మిగిలింది.

ఇక రీబర్త్. 1997 నాటి ఏడో భాగాన్ని మూడు ఆటలుగా తిరగరాసే పనిలో మొదటిది 2020 ఏప్రిల్‌లో, లాక్‌డౌన్ నడిమధ్యలో వచ్చింది. పాత ఆటలో కొద్ది గంటల్లో దాటిపోయే మిడ్గార్ నగరమే అందులో పూర్తి ఆట అయింది. రెండోది రీబర్త్, 2024 ఫిబ్రవరి 29న. కత్తి దూస్తూ ఉరకవచ్చు, కానీ తెర మీది గీత నిండాక మెనూ తెరిస్తే లోకం నీళ్లలో కదిలినట్టు నెమ్మదిస్తుంది. ఎవరికి మందు, ఎవరిమీద మంత్రం అని ఆలోచించుకునే వ్యవధి దొరుకుతుంది. ఉరుకూ ఉంది, వంతూ ఉంది. 1991 నుంచి నడుస్తున్న తగువుకు ఇంత మర్యాదైన రాజీ మరొకటి లేదు. దోషం అతిలోనే. కొండ ఎక్కమంటాడు, కోడిపిట్ట లాంటి చొకోబో ఎక్కమంటాడు, పేకాట ఆడమంటాడు. మెచ్చుకోళ్లు ఎన్ని వచ్చినా రాబడి ఆశించినంత లేదని కంపెనీయే ఒప్పుకుంది.

అదే ఏడు నవంబర్‌లో 1988 నాటి డ్రాగన్ క్వెస్ట్ 3 బొమ్మల కొలువు వేషంలో తిరిగొచ్చింది. నికార్సైన పాత వంతు పద్ధతే. నెల తిరిగేలోగా 20 లక్షలు దాటింది. ఆ బొమ్మలు గీసిన తోరియామా దాన్ని చూడలేదు, ఆ మార్చి 1న కన్నుమూశాడు. సుగియామా 2021లోనే పోయాడు. మొదటి ముగ్గురిలో హోరి ఒక్కడే మిగిలాడు. 2021 మేలో పన్నెండో భాగాన్ని ప్రకటిస్తూ, ఈసారి ఆదేశాలిచ్చి కొట్టే పద్ధతిని మారుస్తామన్నాడు ఆయన. కాపలాదారే తలుపు గడియ మీద చెయ్యి వేశాడు.

నా ఓటు

సహరీకి పిలుపులు మొదలయ్యేసరికి ముగ్గురూ నావైపు తిరిగారు. నేను పుట్టు వంతువాదిని. నా ఓటు డ్రాగన్ క్వెస్ట్‌కే పడుతుందని గాజుల అన్న ధీమా. పడాల్సిందే కూడా.

కానీ నీయర్ ఆటోమేటా నన్ను వదలదు. యోకో తారో కథ, ప్లాటినం గేమ్స్ పనితనం. మనుషుల కోసం యంత్రాలతో పోరాడే మరమనుషుల గాథ. పోరాటంలో వంతన్న మాటే లేదు. ఒకసారి పూర్తిచేస్తే సగమైనా కాదు. అదే యుద్ధాన్ని ఇంకొకరి కళ్లతో మళ్లీ నడవాలి. అన్నీ దాటాక, ఆట తయారుచేసినవాళ్ల పేర్లు తెర మీద రావడం మొదలవుతుంది. ఆ పేర్లే నిన్ను కాలుస్తాయి. ఒక్కడివే నెగ్గడం దాదాపు అసాధ్యం. ఓడీ ఓడీ వేసారిపోయాక, ఎక్కడెక్కడి ఆటగాళ్లో నీ చుట్టూ చేరి దెబ్బలు కాస్తారు. గట్టెక్కాక ఆట అడుగుతుంది: నువ్వూ ఇలాగే ఒక ముక్కూమొహం తెలియనివాడికి సాయపడతావా? అందుకు వెల ఉంది. నీ సేవ్ మొత్తం చెరిగిపోతుంది. గంటలకొద్దీ కూడబెట్టిన ఆయుధాలు, దారులు, అన్నీ.

"నువ్వేం చేసినవ్?" అని రిపేరు కుర్రాణ్ణి అడిగాను.

"తీసేయమన్న," అన్నాడు. "కళ్ల ముందే ఒక్కొక్క పేజీ పోయింది. నాకు సాయం చేసినోళ్లది గూడ అట్లనే పోయుంటది గదా అన్నా."

మొగల్‌పురా పార్లర్లో నా సేవ్ ఎవడో చెరిపితే ఏళ్లపాటు తిట్టుకున్న మనిషిని నేను. వీడు తన చేత్తో తనే చెరుపుకున్నాడు, ఎవరి కోసమో కూడా తెలియకుండా. తెలుగులో వంతు అంటే వరస ఒక్కటే కాదు, వాటా కూడా. పెళ్లికి నా వంతు ఇంత అంటాం, కష్టంలో నా వంతు సాయం అంటాం. డ్రాగన్ క్వెస్ట్ మొదటి అర్థాన్ని నలభై ఏళ్లుగా కాపాడింది. రీబర్త్ దాన్ని ఉరుకులతో కలిపి నిలబెట్టింది. రెండో అర్థం దాకా పోయింది నీయర్ ఒక్కటే. నా ఓటు దానికి వేశాను.

గాజుల అన్న అలిగి మాట్లాడలేదు. లేచి గల్లా దగ్గరికి పోయి నలుగురి డబ్బులూ ఆయనే కట్టి వచ్చాడు.