తివాచీలోని ధూళి – వాక్యూం క్లీనరు చరిత్ర

బండలు పరచిన నేలపై పడిన ధూళి చీపురుతో ఊడ్చిన పోవును. తివాచీ సంగతి వేరు. అది చదునైన వస్తువు కాదు; నిలువుగా నాటిన ఉన్నిపోగుల వనము వంటిది. వెండ్రుకలు, దూదిపింజలు పోగుల పైననే నిలుచును. ఇసుకరేణువులు బరువుచే అడుగునకు దిగి పోగుల మొదళ్లలో చేరును. మనుష్యులు నడచినప్పుడెల్ల ఆ రేణువుల వాడి అంచులు పోగులను ఒరసి తెంపుచుండును. కావున తివాచీని శుభ్రపరచుట అందము కొరకే కాదు, దాని ఆయువు కొరకును అవసరమే.

ఏలూరు, ఓరుగల్లు తివాచీలకు పేరు పొందిన ఊళ్లే అయినను, ఉష్ణప్రదేశమగుటచే మన సామాన్య గృహములలో వాటి వాడుక తక్కువ. ఇంగ్లండు, అమెరికా వంటి చలిదేశములలో నేలను కప్పుట ఒక అవసరము. అక్కడ పూర్వము తివాచీని పెరటిలోనికి మోసికొనిపోయి, తాటిపై వేసి, బెత్తములతో బాదెడివారు. శ్రమ అధికము, లేచిన ధూళిలో కొంత బాదినవారి ఊపిరితిత్తులలోనికే పోయెడిది.

ఈ శ్రమను తగ్గించుటకు 19వ శతాబ్దిలో అనేకులు ప్రయత్నించిరి. 1860లో అమెరికాలోని అయోవా రాష్ట్రవాసి డేనియల్ హెస్ కొలిమితిత్తుల వంటి తిత్తులతో గాలిని పీల్చు ఊడ్పుయంత్రమునకు పేటెంటు పొందెను. 1869లో షికాగోకు చెందిన ఐవ్స్ మెక్‌గాఫీ చేతితో త్రిప్పు విసనకఱ్ఱ గల యంత్రము నిర్మించెను. ఒక చేత త్రిప్పుచు మరొక చేత నెట్టవలసి వచ్చుటచే అది జనాదరణ పొందలేదు. 1876లో మెల్విల్ బిసెల్ పేటెంటు పొందిన యంత్రములో పీల్చుటయే లేదు. చక్రములు దొర్లినప్పుడు గుండ్రని బ్రష్షు తిరిగి చెత్తను పెట్టెలో వేయును. తేలికగా పనిచేయుటచే అది బాగుగా అమ్ముడుపోయెను. కాని పోగుల అడుగున దాగిన ఇసుక దానికి పూర్తిగా లొంగలేదు.

1901లో లండన్‌లో ఒక అమెరికను యంత్రమును ప్రదర్శించిరి. అది గాలిని ఊది ధూళిని లేపి పెట్టెలో పడవేయుటకు యత్నించెడిది. ఆ ప్రదర్శనను చూచినవారిలో హ్యూబర్ట్ సెసిల్ బూత్ అను ఇంజనీరు ఒకడు. ఊదుటకు మారుగా పీల్చినచో ఏమగునని ఆయన ఆలోచించెను. ఒక భోజనశాలలో కుర్చీ మెత్తపై నోరు ఆనించి గాలి పీల్చి చూడగా ధూళి గొంతులో పడి ఉక్కిరిబిక్కిరి అయితినని ఆయనయే తరువాత చెప్పుకొనెను. చేతిరుమాలు అడ్డముంచి పీల్చగా దానిపై ధూళి మచ్చ పడెను. గాలిని పీల్చుట, ఆ గాలినుండి ధూళిని గుడ్డతో వేరుచేయుట అను రెండు సూత్రములును ఆ చేతిరుమాలులోనే ఉన్నవి.

బూత్ ఆ యేడే పేటెంటు పొంది యంత్రమును నిర్మించెను. అది ఇంటిలో పట్టునది కాదు. ఇంజనుతో నడచు పంపును గుఱ్ఱపుబండిపై ఎక్కించి వీధిలో నిలిపి, కిటికీలగుండ పొడవైన గొట్టములను లోపలికి పంపెడివారు. 1902లో ఏడవ ఎడ్వర్డు పట్టాభిషేకమునకు ముందు వెస్ట్‌మినిస్టర్ ఆబీలోని తివాచీలను ఆ యంత్రముతోనే శుభ్రపరచిరి.

దానిని ఇంటిలోనికి తెచ్చినవాడు ఇంజనీరు కాడు, ఊడ్చుట వృత్తిగా గలవాడు. ఒహాయో రాష్ట్రములోని కాంటన్ నగరమున జేమ్స్ మర్రే స్పాంగ్లర్ ఒక దుకాణమును ఊడ్చుచుండెను. ఆయనకు ఉబ్బసము, ఊడ్చినప్పుడు లేచు ధూళి ఊపిరి తీయనిచ్చెడిది కాదు. 1907లో ఆయన విద్యుత్ విసనకఱ్ఱ మోటారు, సబ్బుపెట్టె, చీపురు కఱ్ఱ, దిండుగలీబు కూర్చి ఒక యంత్రము చేసికొనెను. ముందు తిరుగు బ్రష్షు, వెనుక ధూళిని పట్టు సంచి. 1908లో పేటెంటు లభించెను. దానిని వాడిచూచిన సూసన్ హూవర్ మెచ్చుకొనగా, తోలుసామానుల వ్యాపారియైన ఆమె భర్త విలియం హూవర్ పేటెంటు హక్కులను కొనెను. మోటారుకార్ల రాకచే గుఱ్ఱపుజీనుల గిరాకీ తగ్గుచున్న కాలమది.

ఈ యంత్రములో శూన్యము కలుగునా? పేరు అట్లున్నను నిజమైన శూన్యము కలుగదు. విసనకఱ్ఱ వేగముగా తిరిగి గాలిని వెడలనెట్టుటచే లోపలి పీడనము తగ్గును. సాధారణముగా ఆ తగ్గుదల వాతావరణ పీడనములో ఐదవవంతు ప్రాంతము మాత్రమే. అంతట బయటిగాలి తొందరపడి లోనికి చొచ్చుచు ధూళిని మోసికొనివచ్చును. కాని గాలి కదపగల రేణువు వదులుగా ఉండవలెను. అందుకే 1926లో హూవర్ సంస్థ తిరుగు బ్రష్షుకు తివాచీని కొట్టు కమ్మీలను కూడ చేర్చెను. పూర్వకాలపు బెత్తము మరల వచ్చినట్లయ్యెను!

1921లో స్వీడను సంస్థ ఎలెక్ట్రోలక్స్ వేరొక రూపము తెచ్చెను. స్తంభాకారపు పెట్టె నేలపై జారుచు వచ్చును; గొట్టము చేతిలో ఉండును. పాత నిలువు యంత్రములలో ధూళి మొదట విసనకఱ్ఱగుండ పోయి తరువాత సంచిలో చేరెడిది. చిన్న రాయి లేదా నాణెము లోనికి పోయినచో రెక్క విరుగును. స్తంభ యంత్రములో సంచి ముందు, విసనకఱ్ఱ వెనుక. వడపోసిన గాలియే దానిని చేరును. కాని తిరుగు బ్రష్షు లేనిదే అది దట్టమైన తివాచీకి చాలదు.

మన్నిక రహస్యమును ఇక్కడనే వెదకవలెను. మోటారును చల్లబరచునది సాధారణముగా గాలిప్రవాహమే. సంచి నిండినను వడపోత మూసికొనినను ప్రవాహము తగ్గి మోటారు వేడెక్కును. మోటారులోని బొగ్గుబ్రష్షులు రాపిడిచే అరుగును. బ్రష్షును త్రిప్పు రబ్బరు బెల్టు సాగిపోవును. 1993లో జేమ్స్ డైసన్ ఇంగ్లండులో విడుదల చేసిన యంత్రము సంచిని తొలగించి, సుడిగాలి పద్ధతిచే ధూళిని వేరుపరచెను. అయినను వడపోతలు కడుగవలసిన పని తప్పలేదు. త్రాడు లేని నేటి యంత్రములకు బ్యాటరీ కూడ మరొక ఆయుఃపరిమితి అయినది.

ఐరోపా సమాజము ఈ విషయమును చట్టములోనికే తెచ్చెను. 2017 సెప్టెంబరు నుండి మోటారు కనీసము 500 గంటలు పనిచేయవలెననియు, గొట్టము 40,000 మారులు వంచినను వాడుకకు తగియుండవలెననియు నియమము వచ్చెను. వారమునకొక గంట వాడినచో 500 గంటలనగా తొమ్మిదిన్నర ఏండ్లు. అదే నియమావళి గట్టినేల పరీక్షలో నూటికి 98 పాళ్లు ధూళి తీయవలెననగా, తివాచీ పరీక్షలో 75 పాళ్లతోనే తృప్తిపడెను. తివాచీ ఎంత మొండిదో ఈ అంకెలే చెప్పుచున్నవి. మోటారు శక్తిని కూడ 900 వాట్ల లోపునకు దించిరి. వాట్లు హెచ్చినంత మాత్రమున శుభ్రత హెచ్చదని దీని భావము. ఆ యంత్రములపై అంటించు శక్తిచీటీ నియమమును 2018లో ఐరోపా న్యాయస్థానము కొట్టివేసెను. ఖాళీ సంచితో చేసిన పరీక్ష ఇంటిలోని వాడుకను చూపదన్నదే వివాదము.

కావున తివాచీలు గల ఇంటివారు యంత్రమును కొనునప్పుడు వాట్ల అంకెను గాక నాలుగు సంగతులు చూచుట మేలు: మోటారుతో తిరుగు బ్రష్షు కలదా? దాని ఎత్తును పోగుల పొడవునకు తగినట్లు మార్చవచ్చునా? వడపోతను చేరుట సులభమా? బెల్టు, బొగ్గుబ్రష్షులు, గొట్టము, బ్యాటరీ విడిగా దొరకునా, ఇంటివారైనను పనివారైనను వానిని మార్చగలరా? స్పాంగ్లర్ యంత్రములోని ప్రతి భాగమును ఆయన విప్పి, మరల బిగింపగలిగెను. అరిగిన దానిని మార్చుటకు వీలున్న యంత్రమే చిరకాలము మన్నును.