ఊరు దాటాక వచ్చే మూర్ఛ

మూర్ఛ అనగానే చేతిలో తాళాలగుత్తి పెట్టడం, గాలి సోకిందనడం, పెళ్ళి సంబంధాల దగ్గర దాచిపెట్టడం మనకు తెలిసినవే. అయితే మనల్ని కాపాడవలసిన రోగనిరోధక శక్తే ఒక్కోసారి మూర్ఛకు కారణమవుతుందని తెలియడానికి చాలా కాలం పట్టింది.

బ్రిటిష్ పాలన రోజుల్లో మన దేశంలో పనిచేసి ఇంటికి తిరిగివెళ్ళిన ఇంగ్లీషు సిపాయిల్లో కొందరికి ఏళ్ళు గడిచాక ఉన్నట్టుండి ఫిట్స్ రాసాగాయి. వాటికి మూలం మెదడులో చేరిన బద్దెపురుగు పిల్లలని 1930లలో మెకార్థర్ అనే సైనిక వైద్యుడు చూపించాడు. 1961లో డిక్సన్, లిప్స్‌కోంబ్ అలాంటి 450 మంది వివరాలను ప్రచురించారు.

మరి అన్నేళ్ళ ఆలస్యం ఎందుకు? బతికున్న పురుగు పిల్ల చిన్న నీటిబుడగలా ఒదిగి, మన నిరోధక శక్తి కన్నుగప్పి ఉంటుంది. అది చచ్చేటప్పుడు ఆ ముసుగు తొలగిపోతుంది. రక్షణ కణాలు ఒక్కసారిగా చుట్టుముడతాయి. ఆ పోరులో వచ్చే వాపే చాలాసార్లు మూర్ఛ తెప్పిస్తుంది.

1980లలో మన దేశంలో మూర్ఛ రోగుల సీటీ స్కాన్లలో కనిపించే చిన్న మచ్చను క్షయ గడ్డ అనుకుని, టీబీ మందులు వాడేవారు. మన చిత్తూరుకు కూతవేటు దూరంలోని వేలూరు సీఎంసీలో చాందీ, రాజశేఖర్ తదితర వైద్యులు ఆ మచ్చల ముక్కలు తీసి పరీక్షించారు. చాలావాటిలో ఉన్నది పురుగు పిల్లేనని 1989లో లాన్సెట్ పత్రికలో ప్రకటించారు. అనవసరపు టీబీ మందుల బాధ ఎందరికో తప్పింది.

"మేం పంది మాంసం ముట్టం కదా" అనుకోకండి. కడుపులో పురుగున్న మనిషి చేతులు శుభ్రంగా కడుక్కోకపోతే, గుడ్లు ఎవరి అన్నంలోకైనా చేరవచ్చు. న్యూయార్క్‌లో పంది మాంసం తినని యూదు కుటుంబాల్లోనూ ఈ జబ్బు కనబడినట్టు 1992లో వెల్లడైంది.

మూర్ఛలన్నీ ఇలాంటివి కావు. కానీ బహ్రెయిన్‌లోని మామీర్ వంటి చోట వర్క్‌షాపులో పనిచేసే మనవాడికి తొలిసారి ఫిట్స్ వస్తే, ఉద్యోగం పోతుందని దాచడం ప్రాణానికే ముప్పు. ఎత్తుమీద పనిలో, యంత్రం దగ్గర మళ్ళీ వస్తే? తాళాలు వెతకకండి, నోట్లో ఏమీ పెట్టకండి. పక్కకు తిప్పి పడుకోబెట్టండి. 5 నిమిషాలు దాటితే 999కి ఫోన్ చేయండి. తరవాత స్కాన్ చేయించండి.

హిందూ వివాహ చట్టం కూడా 1999లో మూర్ఛను పెళ్ళికి అడ్డంకుల జాబితాలోంచి తీసేసింది. చట్టం వదిలేసిన భయాన్ని మనమెందుకు మోయాలి?